రివర్స్ చేస్తుంటే చలాన్ పడిందా? ఫైన్ కట్టే ముందు సెక్షన్ చూసుకోండి

డోన్: దిగాల్సిన సర్వీస్ రోడ్డు దాటిపోయింది. యూటర్న్ తీసుకోవాలంటే ఇంకా చాలా దూరం వెళ్లాలి. 'వంద అడుగులే కదా' అనుకుని డ్రైవర్ రివర్స్ గేర్ వేస్తాడు. క్లీనర్ కిందికి దిగి 'రానీ.. రానీ..' అంటుంటాడు. హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి ఎన్‌హెచ్-44 మీద తిరిగేవాళ్లకు ఇది కొత్త సీన్ కాదు. డోన్, బేతంచెర్ల ప్రాంతంలో నాపరాయి, ఖనిజాల లోడ్లతో తిరిగే లారీలు ఎక్కువ. డ్రైవింగ్ మీదే బతికే కుటుంబాలూ ఎక్కువే. అందుకే రివర్స్ చలాన్ విషయంలో ఒక్కటి తెలుసుకోవాలి. ఎంత ఫైన్ పడింది అన్నదాని కంటే ఏ సెక్షన్ కింద పడింది అన్నదే అసలు ముఖ్యం.

చాలా మంది చలాన్ మెసేజ్ రాగానే అమౌంట్ చూసి, ఫోన్‌లోనే కట్టేసి, పని అయిపోయింది అనుకుంటారు. కొన్ని కేసుల్లో పని అక్కడితో అయిపోదు.

రివర్స్ చేయడమే తప్పా?

కాదు. వెనక్కి నడపొద్దని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఎలా నడపాలో చెప్పింది. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఈ రూల్ ఉంది. వెనక ఎవరికీ ప్రమాదం గానీ, అనవసరమైన ఇబ్బంది గానీ కలగదని డ్రైవర్ ముందు నిర్ధారించుకోవాలి. బండి తిప్పుకోవడానికి ఎంత దూరం అవసరమో అంతే వెనక్కి వెళ్లాలి. వన్‌వేలోకి రివర్స్‌లో దూరడం కూడా కుదరదు. 'ముందుకు పోవడం లేదు కదా, వెనక్కే కదా' అనే లాజిక్ పనిచేయదన్నమాట. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. వెనక చూసుకునే బాధ్యత మాత్రం డ్రైవర్ మీద నుంచి పోలేదు.

క్లీనర్ రమ్మంటేనే వచ్చానంటే ఒప్పుకోరు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే బాధ్యత వాళ్లదే.

రూ.500కీ, మూడు నెలలకీ తేడా ఇక్కడే

మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ జరిగింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి చాలా జరిమానాలు మారాయి. అప్పుడు కొత్తగా వచ్చిందే సెక్షన్ 177ఏ. డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉల్లంఘిస్తే ఈ సెక్షన్ కింద రూ.500 నుంచి రూ.1,000 వరకు ఫైన్ ఉంటుంది. ఇరుకు సందులో, మార్కెట్ దగ్గర అజాగ్రత్తగా రివర్స్ చేసిన మామూలు కేసులకు సరిపోయే సెక్షన్ ఇదే.

సెక్షన్ 184 పడితే కథ వేరు. ఇది ప్రమాదకర డ్రైవింగ్ కేసు. మొదటిసారి అయితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు ఫైన్, లేదా రెండూ వేయొచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, రూ.10,000 ఫైన్ దాకా వెళ్తుంది. ట్రాఫిక్ వచ్చే దిశకు ఎదురుగా బండి నడపడం కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుందని 2019 సవరణ స్పష్టంగా చెప్పింది. హైవే లేన్‌లో వంద అడుగులు వెనక్కి వచ్చే లారీ చేస్తున్నది దాదాపు అదే పని.

డ్రైవర్లు ఎక్కువగా దెబ్బతినేది దీని తర్వాతే. 184 లాంటి కేసుల్లో పోలీసులు లైసెన్స్ స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపొచ్చు. సెక్షన్ 206(4) చెప్పేది ఇదే. సెక్షన్ 19 ప్రకారం లైసెన్సింగ్ అధికారి డ్రైవర్ వాదన విని, తప్పు అనిపిస్తే మొదటిసారికి మూడు నెలలు అనర్హత వేయొచ్చు. రెండోసారి అయితే లైసెన్సే రద్దు కావొచ్చు. లైసెన్స్ తీసుకున్నప్పుడు ఒక రసీదు ఇస్తారు. ఆ రసీదు జేబులో పెట్టుకుని బండి నడిపేస్తే ఇంకో కేసు అవుతుంది. లైసెన్స్ తిరిగి వచ్చేదాకా ఆ రసీదు డ్రైవింగ్‌కు అనుమతి కాదు.

మరి ఫైన్ కట్టేస్తే? కోర్టుకు వెళ్లకుండా ఫైన్‌తో కేసు ముగించుకోవడాన్ని కాంపౌండింగ్ అంటారు. ఎంత కట్టాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి చలాన్‌లోని అంకె, చట్టంలోని అంకె ఒకటే కాకపోవచ్చు. అయితే సెక్షన్ 200లో ఒక మెలిక ఉంది. ఫైన్ కట్టినా లైసెన్స్ మీద చర్య ఆగదు. పైగా ఇంకోసారి దొరికితే, ఇప్పుడు కట్టింది మొదటి తప్పుగా లెక్కలోకి వస్తుంది. నెలకు పాతిక రోజులు రోడ్డు మీదే ఉండే లారీ డ్రైవర్‌కు మూడు నెలలు లైసెన్స్ లేకపోవడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

తప్పు మీది కాదనుకుంటే

ముందు చలాన్ పూర్తిగా తెరిచి చూడండి. సెక్షన్, టైమ్, స్థలం, ఫొటో, బండి నంబర్. కేంద్ర రవాణా శాఖ ఈ-చలాన్ పరివాహన్ వెబ్‌సైట్‌లో చలాన్ నంబర్, బండి నంబర్, లైసెన్స్ నంబర్లలో ఏదో ఒకటి ఇచ్చి వివరాలు తీసుకోవచ్చు. వివరాలు తప్పుగా ఉంటే ఫిర్యాదు చేసే వీలు అక్కడే ఉంది. డాష్‌క్యామ్ వీడియో గానీ, పక్క షాపు సీసీ కెమెరా ఫుటేజీ గానీ ఉంటే వెంటనే కాపీ తీసి పెట్టుకోండి. షాపుల్లో పాత ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది.

ఫైన్ కట్టకుండా కోర్టులో వాదించే హక్కు కూడా ఉంది. 184 కేసులో అయితే చాలా మందికి తెలియని రక్షణ ఒకటుంది. సెక్షన్ 209 ప్రకారం, కేసు పెట్టే అవకాశం ఉందని ఘటన సమయంలోనే డ్రైవర్‌కు చెప్పి ఉండాలి. లేదంటే 14 రోజుల్లోపు డ్రైవర్‌కు గానీ, ఓనర్‌కు గానీ నోటీసు పంపాలి. అదీ లేకుంటే 28 రోజుల్లోపు సమన్లు అందాలి. ఈ మూడింట్లో ఏదీ జరగకపోతే శిక్ష వేయడం కుదరదు. కాకపోతే పేరు, అడ్రస్ సకాలంలో దొరక్కపోతే దీనికి మినహాయింపు ఉంది. ఆర్‌సీలో పాత అడ్రస్ ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బండి మీది, నడిపింది ఇంకొకరు అయితే, పోలీసులు అడిగినప్పుడు డ్రైవర్ వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత ఓనర్‌ది.

'అది రోడ్డు కాదు సార్, బస్టాండ్' అనే వాదన కూడా వినిపిస్తుంటుంది. అది నిలబడదు. జనం వెళ్లే హక్కు ఉన్న ఏ స్థలమైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే. బస్సులు ప్రయాణికులను ఎక్కించే, దించే స్టాండ్లు కూడా అందులోకే వస్తాయి.

ఎవరికైనా తగిలితే

అప్పుడది చలాన్‌తో పోయే విషయం కాదు. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281, గాయమైతే 125, ప్రాణం పోతే 106 కింద కేసు నమోదవుతుంది. 106(1)లో ఐదేళ్ల వరకు జైలు ఉంది. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. 2024 జూలై 1 నుంచి పెరిగింది. భయంతో పారిపోతే పరిస్థితి ఇంకా పాడవుతుంది. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం డ్రైవర్ విధి అని సెక్షన్ 134 చెబుతోంది.

పెద్ద బండి వెనక ఆడుకునే పిల్లాడు ఏ అద్దంలోనూ కనిపించడు. 2019 జూలై నుంచి కొత్త కార్లకు రివర్స్ పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి చేసింది అందుకే. పాత కార్లు, ఆటోలు నడిపేవాళ్లు మాత్రం కిందికి దిగి ఒకసారి వెనక్కి చూసి రావడమే.

టోల్‌గేట్ దగ్గర వెనక్కి వద్దు

కర్నూలు వైపు అమకతాడు లాంటి టోల్‌ప్లాజాల్లో ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేదని తెలియగానే కొందరు లేన్‌లోంచే వెనక్కి వచ్చేస్తారు. వెనక వరుసగా బండ్లు ఉంటాయి. ఇంతకుముందు డబుల్ టోల్ భయం ఉండేది. 2025 నవంబర్ 15 నుంచి ఫాస్టాగ్ పనిచేయకపోయినా యూపీఐతో కడితే మామూలు టోల్‌కు 1.25 రెట్లే. రూ.100 టోల్‌కు రూ.125 అవుతుంది. ఆ పాతిక రూపాయల కోసం 184 కేసు తెచ్చుకోవడం ఎందుకో డ్రైవర్లే ఆలోచించుకోవాలి.

ఇంకో విషయం. వాట్సాప్‌లో 'మీ బండికి చలాన్ పడింది' అంటూ ఏపీకే ఫైల్ వస్తే అది చలాన్ కాదు, మోసం. ఓపెన్ చేస్తే ఫోన్ వాళ్ల చేతికి వెళ్తుంది. చలాన్ ఉందో లేదో అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.