బ్యాటరీని అరకడుపుతో ఉంచొద్దు!

పరీక్ష ఉదయం 9 గంటలకు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. హాల్‌టికెట్, పెన్ను, ఆధార్ కార్డు అన్నీ రాత్రే సర్దుకున్నారు. తీరా బయల్దేరే వేళకు స్కూటర్ సెల్ఫ్ నొక్కితే ‘టక్.. టక్’ మనడమే తప్ప ఇంజిన్ కదలదు. ‘కిక్ ఉందిగా’ అనుకుంటున్నారా? 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్‌6 స్కూటర్లలో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. పెట్రోలు పంపుకీ కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్ కొట్టినా చాలాసార్లు ఫలితం ఉండదు.

‘బ్యాటరీ చచ్చిపోయింది’ అని మనం అనేస్తాం కానీ, చాలా సందర్భాల్లో దాన్ని చంపేది మన అలవాట్లే. పెట్రోలు స్కూటర్లో ఉండే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి అసలు శత్రువు అరకడుపు. అంటే సగం చార్జింగ్‌తో రోజుల తరబడి ఉండిపోవడం.

లోపల ఏం జరుగుతుంది?

కరెంటు వాడినప్పుడల్లా ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వెంటనే చార్జ్ చేస్తే అది కరిగి మామూలు స్థితికి వస్తుంది. అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి అంటుకుపోతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత సామర్థ్యం పూర్తిగా తిరిగి రాదు. ఎండాకాలంలో ముప్పు ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే బండిని నీడలో పెట్టడం కూడా బ్యాటరీ సంరక్షణే.

రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలదు

గ్రూప్స్ కోచింగ్‌కి అశోక్‌నగర్‌కో, సాఫ్ట్‌వేర్ కోర్సుకి అమీర్‌పేటకో వెళ్లేటప్పుడు ‘అప్పుడప్పుడు బండి స్టార్ట్ చేయండి’ అని ఇంట్లో చెప్పి వెళ్తాం. నాన్న స్టాండు వేసి, సెల్ఫ్ కొట్టి, రెండు నిమిషాలుంచి ఆపేస్తారు. దాంతో లాభం కంటే నష్టమే ఎక్కువ. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. నిలబడి తిరిగే ఇంజిన్ తిరిగి ఇచ్చేది కొంచెమే. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. వారానికోసారి 20-30 నిమిషాలు రోడ్డు మీద నడపమని చెప్పండి. అది కుదరదంటే నిండుగా చార్జ్ చేసి, నెగెటివ్ వైరు విప్పేసి వెళ్లండి.

ఊళ్లోనే ఉన్నా ఇదే సూత్రం. పాల ప్యాకెట్‌కో, జిరాక్స్ షాపుకో కిలోమీటరు లోపు తిరగడమే బండి పని అయితే, చిన్న పనులకు కిక్ వాడండి.

దొంగ కరెంటు లెక్క

అలారం, జీపీఎస్ ట్రాకర్, మొబైల్ చార్జర్, రంగు లైట్లు.. బయట బిగించినవి తాళం తీసేశాక కూడా కరెంటు తాగుతుండొచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. 4 ఏహెచ్ బ్యాటరీ నుంచి 40 మిల్లీ ఆంపియర్లు పోతుంటే 100 గంటల్లో, అంటే నాలుగు రోజులు దాటగానే ఖాళీ! అదే 2 మిల్లీ ఆంపియర్లయితే 2000 గంటలు పడుతుంది.

కొత్తది కొనేముందు కొలవండి

మెకానిక్ ‘మార్చాల్సిందే’ అనగానే జేబు తడుముకోవద్దు. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్‌తో మీరే తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి, ఉదయం స్టార్ట్ చేయకముందే చూడండి.

• 12.7 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు
• 12.4 ఉంటే సుమారు ముప్పావు
• 12.2 ఉంటే దాదాపు సగం. వెంటనే చార్జ్ చేయాలి
• 12 కంటే తక్కువైతే ఖాళీ అయినట్టే

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేస్తూ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ సరిగానే అందుతోంది. 13 కూడా దాటకపోతే లోపం రెగ్యులేటర్, వైరింగ్ వైపు ఉండొచ్చు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజుల్లో మళ్లీ అదే కథ. ఇక బ్యాటరీ నిండుగా ఉండి, సెల్ఫ్ నొక్కగానే 9.5 కంటే కిందికి పడిపోతుంటే అది బలహీనపడిందని అర్థం.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

బయట చార్జ్ చేయిస్తే కరెంటు, ఏహెచ్‌లో పదోవంతు ఉండాలి. 4 ఏహెచ్ బ్యాటరీకి 0.4 ఆంపియర్లు. కారు చార్జర్ తగిలిస్తే వేడెక్కి పాడవుతుంది. గాలి ఆడే చోటే చార్జ్ చేయాలి.

విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర్లో నెగెటివ్. ఈ వరస తప్పి, పాజిటివ్ మీద ఉన్న స్పానర్ బండి బాడీకి తగిలితే షార్టే!

టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని పొడి కనిపిస్తే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక గట్టిగా బిగించి, పైన కాస్త వాజ్‌లీన్ రాయండి. సీల్డ్ బ్యాటరీ మూత మాత్రం తెరవొద్దు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీల సంగతి వేరు. వాటిని నెలల తరబడి నిండుగా ఉంచి వదలకూడదు. ఈ తేడా ఎందుకో చెప్పగలిగితే ఈవీ కంపెనీల ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

వచ్చే వారం ఇంటర్వ్యూ ఉందా? అయితే రేపు ఉదయమే ఓసారి వోల్టేజి చూసేయండి. తక్కువుంటే చార్జ్ చేయించడానికి ఇంకా టైముంది.