రంగునకు అదను



పైరునకు అదనును పదునును చూడని కృషీవలుడు మనలో లేడు. కారునకు రంగు వేయుటకు కూడ ఆ రెండును వలయునన్నచో మీకు వింతగా తోచవచ్చును. అరువదియేండ్లు దాటువరకు నేనును ఎరుగనివాడనే.

మాది సంగారెడ్డి. ఒక శ్రావణమున మా యింట పెండ్లి తటస్థించెను. పటాన్‌చెరు కర్మాగారమున పనిచేయు మా కుమారుడు, పాత కారునకు ఇంటివద్దనే నల్లరంగు వేసెదననెను. ముసురు పట్టియుండుటచే కొట్టపు తలుపులు మూయించితిని. రంగు చల్లిన గడియకే నలుపంతయు బూడిద పూసినట్లు తెల్లబారెను. అంతలో కుమారుడు, "బాపూ, తల తిరుగుతున్నది" అని కూలబడెను. పొరుగున నున్న రంగుపనివాడు పరుగున వచ్చి తలుపులు తెరచి, వానిని బయటికి తెచ్చి, "సారూ, రంగుల తప్పు లేదు, గాలిల తడి ఉన్నది" అనెను.

ఆ మాటయందు శాస్త్రమున్నది. ఇత్తడి చెంబున చల్లని నీరు పోసినచో వెలుపల చెమర్చును గదా! గాలిలోని ఆవిరి ఏ వేడిమివద్ద నీరగునో దానిని తుషారస్థానమందురు. గాలి 27 డిగ్రీలుండి తేమ నూటికి 90 పాళ్ళున్నచో, తుషారస్థానము ఇంచుమించు 25 డిగ్రీలు. రంగులో కలిపిన థిన్నరు ఆవిరియగుచు, కుండలోని నీటిని చల్లబరచు రీతిని, రేకును చల్లబరచును. రేకు రెండు మూడు డిగ్రీలు చల్లబడినంతనే గాలిలోని తడి రంగుపై దిగును. అదియే ఆ తెలుపు. కావుననే రేకు తుషారస్థానముకంటె మూడు డిగ్రీలైనను వెచ్చగా నుండవలెననియు, తేమ నూటికి 85 పాళ్ళు మించరాదనియు నియమము.

అట్లని రోహిణికార్తె మేలనుకొనరాదు. ఎండలో నిలిచిన రేకుపై చేయి ఆనదు. రంగు తుంపర రేకును చేరకమునుపే ఆరి ఇసుకవలె గరుకెక్కును. పైపొర ముందుగా ఆరినచో, లోని థిన్నరు పొక్కులై పైకి వచ్చును. గాలి వీచిన యెడల ముంబయి రహదారి ధూళియంతయు తడిరంగునకే అంటును. చలి మిక్కుటమైనచో రంగు త్వరగా ఆరక కన్నీటి చారలవలె కారును.

వాహనములు చేయు కర్మాగారములకు ఈ చిక్కు లేదు. అచ్చట వడగట్టిన గాలిని గదులలోనికి పంపి, రంగు వేసిన రేకును సుమారు 140 డిగ్రీల కొలిమిలో ఆరబెట్టుదురు. ఋతువును వారు గదిలోనే కల్పించుకొందురు. మనము ఋతువుకొరకు వేచియుండవలెను.

మన ప్రాంతమునకు మార్గశిరము మొదలు మాఘమువరకు అదను. మధ్యాహ్నమున 28 డిగ్రీల వేడిమి, నూటికి 40 పాళ్ళ తేమ యున్న దినమున తుషారస్థానము 13 డిగ్రీలే, భయము లేదు. ఉదయపు మంచు పూర్తిగా ఆరినపిదప పది గంటలకు మొదలిడి, రెండు గంటలలోపల ముగింపుడు. సాయంకాలపు మంచు దిగకమునుపు రంగు ఆరవలెను. నీడపట్టున, గాలి ఆడుచోట, నేలపై నీరు చల్లి ధూళి అణచి చేయుడు. రేకుపై మాత్రము తడి యుండరాదు.

అన్నిటికంటె ముఖ్యమొకటి. వానయని తలుపులు మూయకుడు. థిన్నరు ఆవిరి తల తిప్పును; నిప్పురవ్వ తగిలినచో భగ్గుమనును. గట్టిపరచు మందు కలిపెడి రెండు డబ్బాల రంగులలో ఐసోసయనేటులనునవి యుండును. వాని తుంపర పీల్చినచో ఉబ్బసము కలుగవచ్చును. ముక్కునకు కట్టిన గుడ్డ దానిని ఆపజాలదు. అట్టివానిని ఇంట చల్లక, తగిన సాధనములున్నవారికే విడువుడు.

మా కుమారుడు దైవానుగ్రహమున కోలుకొనెను. పెండ్లివారిని అద్దెకారులో పంపితిమి. మార్గశిరమున ఆ తెల్లబారిన పొరను ఉప్పుకాగితముతో రుద్ది, తలుపులు తెరచి మరల రంగు వేయగా అద్దమువలె వచ్చెను. మూడు నెలలు ఓర్చినచో పోవునది లేదు. ఆ దినము మరి కొంతసేపు తలుపులు మూసియున్నచో ఏమి పోయెడిదో తలచుకొన్న నేటికిని గుండె జల్లుమనును.

స్వస్తి.