హిందుస్థాన్ జింక్ లాభాల వెనుక యాజమాన్యమా, గనులా?

న్యూఢిల్లీ: ప్రభుత్వరంగ సంస్థలను ప్రైవేటు యాజమాన్యానికి అప్పగిస్తే పనితీరు మెరుగుపడుతుందని వాదించేవారు తరచుగా చూపే ఉదాహరణ హిందుస్థాన్ జింక్. 2002లో చేతులు మారేనాటికి ఆ సంస్థకు ఏటా లక్షన్నర టన్నులకు పైగా జింకును శుద్ధి చేసే సామర్థ్యం ఉండేది. 2023-24లో జింకు, సీసం కలిపి ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటింది. వెండి ఉత్పత్తి 700 టన్నులకు మించింది. ఈ అంకెలను ఎవరూ కాదనలేరు. అయితే ఈ ఘనతలో యాజమాన్యం వాటా ఎంత, గనుల వాటా ఎంత అన్న ప్రశ్నకు మాత్రం తేలికైన సమాధానం లేదు.

విచిత్రమేమంటే ఈ సంస్థ మూలాలు ప్రైవేటు రంగంలోనే ఉన్నాయి. మెటల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను 1965లో కేంద్రం స్వాధీనం చేసుకుని, 1966 జనవరిలో హిందుస్థాన్ జింక్‌ను నెలకొల్పింది. వాజపేయి ప్రభుత్వం 2002లో 26 శాతం వాటాను యాజమాన్య హక్కులతో సహా 445 కోట్ల రూపాయలకు స్టెరిలైట్ బృందానికి విక్రయించింది. బహిరంగ ఆఫర్ ద్వారా మరో 20 శాతం, 2003లో ప్రభుత్వం నుంచే ఇంకో 18.92 శాతం కొనడంతో ఆ బృందం వాటా 64.92 శాతానికి చేరింది. అప్పటికి అది ఖాయిలా పరిశ్రమ కాదు, లాభాలు ఆర్జిస్తున్న సంస్థ.

కొత్త యాజమాన్యం చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నది నిజం. జింకును విద్యుద్విశ్లేషణతో శుద్ధి చేస్తారు కనుక ఖర్చులో కరెంటుదే పెద్దపద్దు. చందేరియాలో భారీ శుద్ధి కర్మాగారాలతో పాటు సొంత విద్యుత్ కేంద్రాలను కూడా నిర్మించారు. పెట్టుబడి కోసం ఢిల్లీలోని మంత్రిత్వశాఖల చుట్టూ ఫైలు తిరగవలసిన అవసరం తప్పింది.

కాలమూ కలిసివచ్చింది. అమ్మకం నాటికి అంతర్జాతీయ విపణిలో టన్ను జింకు ధర సుమారు 800 డాలర్లు. 2006 చివరకు అది 4,000 డాలర్లు దాటింది. సంస్థకు ప్రాణాధారమైన రాంపురా ఆగుచా గని ప్రపంచంలోని అత్యంత సంపన్నమైన జింకు గనులలో ఒకటి. దానిని తవ్వడం మొదలైంది ప్రభుత్వ హయాంలోనే. చందేరియాలో తొలి కర్మాగారం కూడా 1991 నాటిదే.

ఇదే విధానంలో అంతకుముందు 2000లో హిందుస్థాన్ లీవర్‌కు 74 శాతం వాటా అమ్మిన మోడరన్ ఫుడ్స్ కథ వేరు. రొట్టెల వ్యాపారానికి గనులు లేవు, ధరల ఊపూ లేదు. కొనుగోలుదారు పేరున్న సంస్థే అయినా పదిహేనేళ్ల తర్వాత ఆ వ్యాపారాన్ని వదిలించుకుంది. 2021లో అది మెక్సికోకు చెందిన బింబో సంస్థ పరమైంది.

హిందుస్థాన్ జింక్ పెరుగుదల అన్ని ప్రాంతాలకూ ఒకేలా అందలేదు. విశాఖపట్నం శివార్లలోని మిండిలో 1977లో మొదలైన శుద్ధి కర్మాగారం 2012లో మూతపడింది. గనులున్న రాజస్థాన్‌కు విశాఖ చాలా దూరం. కొత్త పెట్టుబడి ప్రధానంగా గనుల పక్కకే వెళ్లింది.

లాభాల పంపకం మరో ముచ్చట. 2022-23లో సంస్థ షేరుకు 75.50 రూపాయల చొప్పున, మొత్తం సుమారు 32 వేల కోట్ల రూపాయల డివిడెండు పంచింది. ఆ ఏడాది లాభానికి ఇది దాదాపు మూడు రెట్లు. అప్పుల భారంతో ఉన్న మాతృసంస్థ వేదాంతకు అందులో సింహభాగం చేరింది. అప్పటికి 29.54 శాతం వాటా మిగిలి ఉన్న కేంద్ర ఖజానాకు తొమ్మిది వేల కోట్లకు పైగా ముట్టింది. 2024 నవంబరులో ప్రభుత్వం రెండు శాతం లోపు వాటా అమ్మితేనే మూడు వేల కోట్లకు పైగా వచ్చాయి. 2002లో 26 శాతానికి వచ్చినది 445 కోట్లే. నాటి విక్రయంపై కేసు నమోదు చేసి దర్యాప్తు జరపవలసిందిగా సుప్రీంకోర్టు 2021 నవంబరులో సి.బి.ఐ.ని ఆదేశించింది.

మిండికి సమీపంలోనే విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది. దానిలో నూరుశాతం వాటా విక్రయానికి కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఆమోదం తెలపగా, కార్మికులు ఆందోళనకు దిగారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ఆర్థిక ప్యాకేజీని కేంద్రం ప్రకటించింది. హిందుస్థాన్ జింక్‌ను నిలబెట్టినవి సొంత గనులు. విశాఖ ఉక్కుకు ఇనుప ఖనిజం గనులు లేకపోవడమే మొదటినుంచీ ఉన్న లోటు. ఆ ప్యాకేజీలో గనుల కేటాయింపు లేదు.