రెండు దీవుల నడుమ వ్యాను ప్రయాణము



పల్నాడులో పుట్టి పెరిగిన మనకు దీవులంటే ఎక్కడో సముద్రములో ఉండేవి అనిపిస్తుంది. కాని మాచర్ల దాటి పాతిక కిలోమీటర్లలోపే విజయపురి సౌత్ ఉన్నది. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. చుట్టూ నీళ్లు, నడుమ కొండ. అది దీవి కాక మరేమిటి? అదే కృష్ణమ్మ దిగువకు పోయి, పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, సముద్రములో కలిసే లోపల తన రెండు చేతుల నడుమ పట్టుకున్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోవే. ఈ రెండు దీవుల నడుమ రోడ్డున 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున్నది. ఆ దూరము దాటడానికి మా సంఘము ఒక వ్యాను మాట్లాడుకున్నది. అందులో మేము చేసిన పొరపాటు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు. సెలవులు వస్తే చాలు, మన సంఘములు ఏదో ఒక ప్రయాణము పెట్టుకుంటూనే ఉంటాయి గదా.

మా స్త్రీల సమాజములో అందరూ 'దివి పెద్దమ్మ' అని పిలిచే తల్లి ఒకరున్నారు. 1977 నవంబరు 19న దివిసీమకు ఉప్పెన వచ్చిననాటికి ఆమెకు పదకొండేళ్లు. తల్లీ, ఇద్దరు తమ్ముళ్లూ మరి కనిపించలేదు. ఆ ఉప్పెనలో 10,000 మందికి పైగా చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మేనమామ ఇంట పెరిగి, పెండ్లయి నరసరావుపేట వైపు వచ్చిన ఆ తల్లి పుట్టిన ఊరికి మళ్లీ వెళ్లినది రెండు మూడు సార్లే. అక్కడ దూరపు బంధువులున్నారు, చిన్న మందిరమూ ఉన్నది. "నవంబరు ఆరాధనకు ఒక్కసారి రండయ్యగారూ, అందరూ రండి" అని ఆమె ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మన యౌవనస్థులేమో నాగార్జునకొండ చూడలేదని గోల. ఆలోచించి రెండూ కలిపాము. శనివారము కొండ, ఆ రాత్రికి ప్రయాణము, ఆదివారము దివిసీమలో ఆరాధన. రాత్రి ప్రయాణమైతే బస ఖర్చు మిగులుతుందని లెక్క వేసినది మేమే. పెద్దలెవరూ కాదు.

పదహారుమందిమి. బస్సులు చూస్తే మాచర్లలో, గుంటూరులో, రేపల్లెలో మారాలి. ముసలివారూ, పసిపిల్లలూ, వంట సామానూ. అందుకని వ్యాను. ఇంతకు ముందైతే మన ఊళ్లలో సభలకు వెళ్లాలన్నా, పెండ్లికి వెళ్లాలన్నా ట్రాక్టరో, సరుకులు మోసే చిన్న ట్రక్కో మాట్లాడుకొని, వెనుక పట్టా పరచుకొని కూర్చునేవాళ్లము. 2022 మే నెల చివర రెంటచింతల దగ్గర జరిగినది మీరు మరచిపోయి ఉండరు. శ్రీశైలము వెళ్లి సరుకుల బండిలో తిరిగి వస్తున్న కూలి జనము, రాత్రివేళ ఆగివున్న లారీని గుద్దుకొన్నారు. కనీసము ఆరుగురు పోయారు. ఇల్లు చేరడానికి ఎంతో దూరము లేదు. ఆ తరువాత మా సంఘములో సరుకుల బండి ఎక్కవద్దని తీర్మానము చేసుకున్నాము. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది. సరుకుల బండిలో ఊరికే ఎక్కి కూర్చున్నవారికి ప్రమాదము జరిగితే నష్టపరిహారము ఇవ్వవలసిన బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినది. బండి యజమాని దగ్గర ఏముంటే అది రాబట్టుకోవడమే.

కాబట్టి ఈసారి అన్నీ చూసి మాట్లాడుకున్నామని మాకు కొంచెము గర్వము కూడా ఉన్నది. పసుపు పలక మీద నల్ల అక్షరములున్న బండి, అంటే బాడుగకు తిప్పడానికి పర్మిట్టు తీసుకున్నది. తెల్ల పలక బండి సొంతానికి వాడుకోవడానికే. దానిని బాడుగకు ఎక్కితే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సువారు మొండి చెయ్యి చూపుతారు. పర్మిట్టు కాగితములో ఎన్ని సీట్లు వ్రాసి ఉన్నాయో చూశాము. ఫిట్‌నెస్ తేదీ చూశాము. డ్యాము దాటి అవతలి ఒడ్డుకు పోతే అది తెలంగాణ, అక్కడి పన్ను సంగతి వేరు. మేము ఇవతలి ఒడ్డునే ఉంటామని చెప్పాము. బాడుగ దగ్గర రెండు మాటలు చెప్పాలి. కిలోమీటరుకు ఇంత అని చెప్పే యజమానులు రోజుకు కనీసము 250 లేక 300 కిలోమీటర్లకు కట్టించుకుంటారు. మీరు దిగిపోయినా బండి ఖాళీగా తిరిగి ఇంటికి రావాలి గనుక ఆ దూరమూ మీదే. టోల్‌గేటు, పార్కింగు, డ్రైవరు బత్తా ఎవరివో ముందే తేల్చుకోవాలి. ఇవన్నీ కాగితము మీద వ్రాయించుకున్నాము. ముగ్గురిని అడిగి, అందరికంటె మూడు వేలు తక్కువ చెప్పిన ఆయనకు అడ్వాన్సు ఇచ్చాము.

ఆ మూడు వేలు ఎక్కడినుండి తగ్గాయో అప్పుడు అడగలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకే వ్యాను మందిరము ముందు నిలిచినది. శుభ్రమైన బండి. డ్రైవరు ఇరవై అయిదేళ్ల కుర్రవాడు, వినయము గలవాడు. ప్రార్థన చేసుకొని బయలుదేరాము. దారి పొడుగునా పాటలు. పిల్లలకు ఒకచోట కుడి కాలువ చూపించి, మన పొలాలకు వచ్చే నీళ్లు ఇవేనని చెప్పాము.

నాగార్జునకొండ గురించి తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కర లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు డ్యాముకు శంకుస్థాపన చేశారు. నీళ్లు వస్తే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా మునిగిపోతుందని, అంతకు ముందటి సంవత్సరమునుండే పురావస్తు శాఖవారు త్రవ్వకము మొదలుపెట్టి 1960 వరకు సాగించారు. దొరికిన కట్టడములలో ముఖ్యమైనవాటిని రాయి రాయి విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి పేర్చారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. లోయలో ఉన్న ఊళ్లవారు లేచి వెళ్లిపోగా, మన వరి, మన మిరప వచ్చాయి. మ్యూజియములో దివి పెద్దమ్మ ఒక స్తంభము ముందు చాలాసేపు నిలబడి, "నీళ్లు వస్తాయని వీళ్లకు ముందే తెలిసింది గదయ్యగారూ" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. (వెళ్లదలచినవారు గుర్తుంచుకోండి: శుక్రవారము మ్యూజియమునకు సెలవు. గాలిని బట్టి, నీటిమట్టమును బట్టి లాంచీలు ఆపేస్తారు, ఒక్కొక్కప్పుడు చాలాకాలము నడవవు, ముందురోజే కనుక్కోవాలి. లైఫ్ జాకెట్టు ఇస్తే ఫోటో కోసము విప్పవద్దు.)

తిరిగి రేవుకు వచ్చేసరికి వ్యాను లేదు. గంటన్నర కాచుకున్నాము. మేము కొండ మీద ఉండగా డ్రైవరు నిద్రపోతాడని మేము అనుకుంటే, యజమాని అతనికి ఫోను చేసి, మాచర్లలో ఎవరినో ఎక్కించుకొని మరొక చోట దింపి రమ్మన్నాడట. మూడు వేలలో కొంత అక్కడ రాబట్టుకున్నాడన్నమాట. ఆలస్యమైనదని మేమే ఆ కుర్రవాడిని నాలుగు మాటలన్నాము. అతడు తల వంచుకొని బండి తీశాడు.

చీకటి పడుతున్నది. రెంటచింతల దాటాము. వెనుక సీట్లలో అందరూ కునుకుతున్నారు. మేమూ కునికిన మాట నిజము. ఉన్నట్టుండి బండి ఎడమ చక్రములు తారు దిగి, గులకరాళ్ల మీద గడగడలాడాయి. "ఏందయ్యా, నాయనా!" అని ముందు సీటులోనుండి దివి పెద్దమ్మ అరిచి, అతని భుజము పట్టి కుదిపారు. బండి ఆగినది. రోడ్డు వారగా ఒక తుమ్మచెట్టు, దానికీ మాకూ నడుమ రెండు మూడు గజములు.

దిగి, మొదటిసారిగా అతనిని అడిగాము: "ఎప్పుడు పడుకున్నావు బాబూ?"

అతడు చెప్పడానికి భయపడ్డాడు. చివరికి తెలిసినదేమంటే, గురువారము సాయంత్రము తిరుపతికి వేరే పార్టీని తీసుకొని వెళ్లి, శుక్రవారము రాత్రి పదకొండింటికి తిరిగి వచ్చి, బండి కడిగి, మూడింటికి మన ఊరికి బయలుదేరాడు. రెండు రాత్రులలో బండిలో వాలి పడుకున్నది మూడు నాలుగు గంటలు. కాదంటే ఏమవుతుందని అడిగితే, "ఇంకో డ్రైవరుకిస్తారయ్యగారూ" అన్నాడు. రోజుకు 8 గంటలే పని, 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని 1961లోనే మోటారు రవాణా కార్మికులకు చట్టము చేశారు. ఆ కుర్రవాడు ఆ మాట విననైనా వినలేదు.

అక్కడే రోడ్డు మీద మాలో మాకు వాదన పుట్టినది. దివిసీమవారు పదహారుమందికి వంట చేసి కూర్చున్నారు. టీ త్రాగించి, ఎవరో ఒకరు పక్కన కూర్చొని మాట్లాడుతూ ఉంటే సరిపోతుందని కొందరు. గుంటూరు దాకా పోయి చూద్దామని కొందరు. యజమానికి ఫోను చేస్తే, "మావాడికి అలవాటేనండీ, మీరు భయపడకండి" అన్నాడు.

ఆ మాట వినగానే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము మనసులో మెదిలినది. పౌలు ప్రయాణమూ రెండు దీవుల నడుమనే గదా చెడినది. క్రేతు దీవిలో మంచిరేవుల దగ్గర, ఇప్పుడు బయలుదేరవద్దని పౌలు చెప్పాడు. శతాధిపతి చెడ్డవాడేమీ కాదు. పౌలును ప్రేమగా చూసినవాడే. కాని ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట అతనికి ఎక్కువైనవి. ఓడలో గోధుమలున్నాయి. సరుకు చేరితేనే యజమానికి డబ్బు. పద్నాలుగు రాత్రులు కొట్టుకొనిపోయి, 276 మంది మెలితే దీవి ఒడ్డున తడిసి నిలబడ్డారు. ఆ తరువాత వారు ఏమి చేశారో మనము అంతగా గమనించము. మూడు నెలలు అక్కడే ఆగారు. చలికాలము గడచిన తరువాతనే మరొక ఓడ ఎక్కి సురకూసైకి వెళ్లారు. ఈ అధ్యాయము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. బండి మాట్లాడుకునేటప్పుడు మాత్రము జ్ఞాపకము రాలేదు.

గురజాలలో తెలిసిన సంఘ కాపరిగారికి ఫోను చేశాము. ఆయన మందిరము తాళము తీసి చాపలు వేయించారు. ఆ కొంచెము దూరము బండిని మెల్లగా నడిపించుకొని వెళ్లాము. అతని పక్కన మా యౌవనస్థుడొకడు మాట్లాడుతూనే ఉన్నాడు. అదైనా తెగింపే, ఇప్పుడు ఆలోచిస్తే. కాపరిగారి ఇల్లాలు ఆ రాత్రివేళ ఉప్మా చేసి పెట్టారు. డ్రైవరు తినకుండానే మందిరము వరండాలో పడుకున్నాడు. ఉదయము ఏడున్నర దాకా కదలలేదు. లేపబోయిన పిల్లలను దివి పెద్దమ్మ కసిరారు.

ఆదివారము పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గుంటూరు, తెనాలి, రేపల్లె మీదుగా వెళ్లాము. పెనుమూడి దగ్గర వంతెన ఎక్కితే అవతల పులిగడ్డ, అంటే దివిసీమ. 1977లో ఈ వంతెన లేదు, పడవ దాటాలి. ఒంటిగంట దాటినది. ఆరాధన ఎప్పుడో అయిపోయి ఉంటుందని సిగ్గుపడుతూ దిగితే, అక్కడి విశ్వాసులు మందిరములోనే కూర్చొని పాటలు పాడుకుంటున్నారు. రాత్రి వండిన కూర పులిసిపోతే పారబోసి, ఉదయము మళ్లీ వండారట. పోయినవారి పేర్లు చదివేటప్పుడు దివి పెద్దమ్మ తన తమ్ముళ్ల పేర్లు తానే చదివారు.

రాత్రి నిలిచిపోయినందుకు బండి బాడుగ ఒక రోజు ఎక్కువైనది. యజమాని వదలలేదు. మూడు వేలు మిగిలాయనుకున్నచోట నాలుగు వేలు ఎక్కువ కట్టాము. సంఘ కమిటీలో ఇద్దరు అడిగారు కూడా. ఖర్చుల పుస్తకములో "డ్రైవరు నిద్ర" అనే వ్రాశాము.

ఇప్పుడు వ్యాను మాట్లాడుకునే కాగితములో మొదటి వరుసలో పలక రంగు కాదు, ఇది వ్రాస్తున్నాము: డ్రైవరు ముందురోజు ఏ ట్రిప్పుకూ వెళ్లి ఉండకూడదు, మేము దిగినచోట బండి కదలకూడదు, రాత్రి తొమ్మిది దాటితే బండి ఆగాలి, డ్రైవరుకు పడుకోవడానికి చోటు, భోజనము సంఘముది. తెల్లవారుజామున రెండు మొదలు ఆరు లోపలా, మధ్యాహ్నము భోజనము తరువాతా నిద్ర ఎవరినైనా పడవేస్తుంది గనుక ఆ వేళలలో దూరపు ప్రయాణము పెట్టుకోము. ఈ షరతులు చదివి ఇద్దరు యజమానులు బండి లేదన్నారు. మూడవ ఆయన సరేనన్నాడు, బాడుగ ఎక్కువే. అడ్వాన్సు ఇచ్చే ముందు డ్రైవరుతోనే ఫోనులో మాట్లాడుతున్నాము. "అన్నం తిన్నావా" తరువాత రెండవ మాట, "నిన్న ఎక్కడున్నావు బాబూ?"

మొన్న సంక్రాంతి సెలవులకు అమరావతి వెళ్లినప్పుడు వచ్చిన డ్రైవరు ఆ ప్రశ్న విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంట్లోనే ఉన్నానండీ, పిల్లకు జ్వరము, రాత్రంతా మేల్కొనే ఉన్నా" అన్నాడు. ప్రయాణము మరునాటికి మార్చుకున్నాము.