దూరమే నేర్పే చిత్రకళ
పులికాట్, నేలపట్టులో ఛాయాగ్రాహకుల శైలిని తీర్చిదిద్దుతున్న నీరు, వెలుగు

సూళ్లూరుపేట: శీతాకాలం ప్రవేశించిందంటే పులికాట్ సరస్సు తీరం, నేలపట్టు చెరువు కట్ట కెమెరాలతో సందడిగా మారతాయి. 2001లో ఫ్లెమింగో ఫెస్టివల్ ఆరంభమైన తరువాత ఈ ప్రాంతం పేరు దూరప్రాంతాలకూ పాకింది. వచ్చేవారిలో చాలామంది చేతుల్లో ఇంచుమించు ఒకే రకం లెన్సులు ఉంటాయి. ఎదుట ఉండేవీ అవే పక్షులు. అయినా ఒకరి చిత్రానికి, మరొకరి చిత్రానికి పోలిక కనిపించదు. ప్రకృతి ఛాయాగ్రాహకునికి తనదైన శైలి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు తిరుపతి జిల్లాలోని ఈ రెండు నీటి తావులు కొంత సమాధానం చెబుతాయి. పరికరం కన్నా ముందు దానిని నిర్ణయించేవి వెలుగు, నీరు, అన్నింటికన్నా ముఖ్యంగా పక్షికీ మనిషికీ నడుమ ఉండే దూరం.

ఒకే రోడ్డు.. రెండు చిత్రాలు
సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రహదారి సరస్సు మీదుగా తూర్పు దిశగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. అందువల్ల రోడ్డుపై నిలబడి ఉత్తరం వైపు చూసేవారికి వెలుగు వెనుక నుంచి పడుతుంది. రాజహంసలని పిలుచుకునే ఫ్లెమింగోల లేత గులాబీ ఛాయ, ముక్కు కొనన ఉన్న నలుపు సైతం స్పష్టంగా నమోదవుతాయి. దక్షిణం వైపు తిరిగితే ఎదురు వెలుగు. రంగులన్నీ మాయమై వంగిన మెడలు, పొడవాటి కాళ్లు నల్లని రేఖలుగా మిగులుతాయి. వివరం కోరేవారు ఉత్తరానికి, ఆకృతిని ఇష్టపడేవారు దక్షిణానికి తిరుగుతారు. కొన్నేళ్లు వరుసగా వచ్చిన వ్యక్తి ఏ వైపున ఎక్కువసేపు నిలిచాడో అతని చిత్రాలే చెప్పేస్తాయి.

తెల్లని పక్షితో తంటా
దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో పరిస్థితి వేరు. చెరువులో నీటి నడుమ పెరిగిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. గూడతో నీరు తోడినట్లు ముక్కు సంచితో చేపలను తోడుకునే పక్షికి ఆ పేరు తగినదే. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు ఇక్కడే పిల్లలను పొదుగుతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఈ సందడి ఉంటుంది.

ముదురాకుపచ్చ కొమ్మలు, నల్లని నీడ, వాటి మధ్య ఒక తెల్లని రెక్క. కెమెరాలో వెలుగును కొలిచే సాధనం మొత్తం దృశ్యానికి సగటు లెక్కిస్తుంది. చుట్టూ చీకటి ఎక్కువైనప్పుడు ఆ లెక్కను నమ్మితే పక్షి సున్నం కొట్టిన గోడలా తెల్లబారి, ఈకల గీతలు చెరిగిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు కావాలనే వెలుగును తగ్గించి తీస్తారు. అప్పుడు చెట్లు మరింత నల్లబడి, పక్షి ఒక్కటే దీపంలా నిలుస్తుంది. చూసేవారు దానిని కళాత్మక ఎంపిక అనుకుంటారు. నిజానికి అది తొలుత తప్పనిసరి అవసరమే. అలవాటై, ఆ తరువాత శైలిగా స్థిరపడింది.

కృష్ణన్ చూపిన దారి
పక్షిని దగ్గరగా చూపలేనప్పుడు దాని పరిసరాన్నే చిత్రంలో భాగం చేయడం కొత్త సంగతి కాదు. చెన్నైలో నివసించిన ప్రకృతి పరిశీలకుడు ఎం.కృష్ణన్ (1912-1996) ఇందుకు గొప్ప ఉదాహరణ. రంగుల ఫిల్ము అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా ఆయన దాదాపు నలుపు తెలుపుల్లోనే అడవి జంతువులను చిత్రించారు. వృక్షశాస్త్రం చదివారు, బొమ్మలు గీసేవారు. 1950 నుంచి మరణించేవరకు ‘ది స్టేట్స్‌మన్’ పత్రికలో ప్రకృతి గురించి శీర్షిక నిర్వహించారు. 1970లో పద్మశ్రీ పొందారు. చెట్టును, గడ్డిని ఎరిగిన కన్ను కావడం వల్లనే కాబోలు, ఆయన చిత్రాల్లో ఏనుగుతోపాటు అది నిలిచిన అడవి కూడా కనిపిస్తుంది. శైలికి ప్రేరణ కెమెరా దుకాణంలో కాక చదువులో, నడకలో ఉందనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

ఎగిరించి తీస్తే..
రాజహంస రెక్క విప్పితేనే అందులోని గాఢమైన గులాబీ, నలుపు రంగులు బయటపడతాయి. ఆ రంగుల కోసం నీటిలోకి దిగి గుంపును బెదరగొట్టేవారూ లేకపోలేదు. బరువైన ఆ పక్షి నీటిపై కొంత దూరం పరుగెత్తిన తరువాతే గాలిలోకి లేవగలదు. పులికాట్‌కు అది వచ్చేది మేత కోసం. తల తలకిందులుగా ముంచి బురద నీటిని వడకట్టుకుంటూ తినే సమయం అలా చెదిరిపోతుంది, కూడబెట్టుకున్న శక్తీ ఖర్చవుతుంది.

గూళ్ల వద్ద నష్టం ఇంకా ఎక్కువ. తల్లి లేచిపోతే గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు, గద్దల పాలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపరచడం కూడా చేరి ఉండటం గమనార్హం. తుపాకీ పట్టనివాడూ కెమెరాతో వేటగాడు కాగలడన్నమాట.

కదలకుండా నిలిచినవారికి నేలపట్టులో దొరికే దృశ్యం వేరు. మేతకు పులికాట్ దాకా వెళ్లిన గూడబాతు తిరిగివచ్చి గూటిపై వాలుతుంది. పిల్ల దాని ముక్కు సంచిలోకి మెడ వరకు తల దూర్చి చేపలను వెదుక్కుంటుంది. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకోసం చెరువు కట్టపై, వాచ్‌టవర్‌పై గంటల తరబడి కాచుకోవలసిందే.