మద్యం మానినవారికి సహవాసమే రక్ష: తగిన సమావేశాన్ని ఎంచుకొనుట ఎట్లు?

“మావారి చేత తాగుడు మాన్పించే మందు చెప్పండి. వారికి తెలియకుండా కూరలో కలిపేదైతే మరీ మంచిది” అని నన్ను అడిగే గృహిణులు అనేకులు. అటువంటి మందును ఎవరు అమ్మినా కొనవద్దు. అందులో డైసల్ఫిరామ్ వంటి ఔషధముంటే, ఆ సంగతి ఎరుగని రోగి మద్యం సేవించినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చు.

మద్యాన్ని మానడం ఒక కార్యం; మానిన పిదప నిలదొక్కుకోవడం మరొక కార్యం. మొదటిదానికి వైద్యుడు కావాలి. రెండవదానికి సహవాసం కావాలి.

మొదట వైద్యుడు

చరక సంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం మదాత్యయ చికిత్సకే కేటాయించబడింది. ఏండ్ల తరబడి ప్రతిదినం తాగినవారు హఠాత్తుగా మానివేస్తే మొదటి రెండు దినాలలో మూర్ఛలు, రెండు మొదలు నాలుగు దినాల మధ్య తీవ్రమైన మతిభ్రమ కలుగవచ్చు. కనుక వారు ముందుగానే వైద్యుని సంప్రదించి మానాలి. చేతులు విపరీతంగా వణకడం, ఒళ్ళంతా చెమటలు, లేనివి ఉన్నట్లు కనబడడం వంటి లక్షణాలు తోచిన వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అప్పుడు ఇంటి వైద్యంతో కాలయాపన తగదు.

పిదప సహవాసం

గురుకులంలో మేము పాఠం చెప్పుకొన్న దినాలలో ‘తద్విద్యసంభాష’ అనే విషయం వచ్చేది. ఒకే విద్య నెరిగినవారు కూడి ముచ్చటించుకోవడమని దానికర్థం. చరకుడు దీనిని రెండు విధాలుగా విభజించాడు. స్నేహంతో సాగేది సంధాయ సంభాష. గెలుపు కోసం సాగేది విగృహ్య సంభాష. మొదటిదానిలో కోపం, అసూయ ఉండవు. ఓడిపోతామన్న భయమూ ఉండదు. తాగుడును మానదలచినవారి సమావేశాలకు ఇంతకంటె చక్కని కొలమానం నాకు తోచదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసాన్ని ప్రారంభించారు. ఇద్దరూ ఆ వ్యసనంతో బాధపడినవారే. ఒక బాధితుడు మరొక బాధితునితో మనసు విప్పి మాట్లాడితే ఇరువురికీ బలం చేకూరుతుందన్నదే వారు కనుగొన్న సూత్రం. ఇందులో రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. హైదరాబాదు, విశాఖపట్నం వంటి మన నగరాలలోనూ ఈ సమావేశాలు జరుగుతున్నాయి. 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, రోగిని ఈ సహవాసంలోనికి క్రమపద్ధతిలో ప్రవేశపెట్టే చికిత్స మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో ఇతర చికిత్సలకంటె మెరుగని తేల్చింది.

ఎంచుకొనే విధం

1. బహిరంగ సమావేశానికి కుటుంబీకులూ వెళ్ళవచ్చు. ఆంతరంగిక సమావేశం బాధితులకు మాత్రమే. జంకు గలవారు మొదట బహిరంగ సమావేశానికి వెళ్ళి ఒక మూల కూర్చుండి విన్నా చాలు.

2. కడుపులోని బాధ మాతృభాషలోనే వెలికి వస్తుంది. తెలుగులో మాట్లాడగల చోటును వెదకండి.

3. పూర్వం దుకాణానికి బయలుదేరిన వేళకే సమావేశం ఉంటే మేలు. ఆకలి కోరికను రేపుతుంది గనుక కొంచెం ఆహారం తీసుకొని వెళ్ళాలి.

4. కొన్నేండ్లుగా మానివున్నవారు, నిన్న మానినవారు ఇరువురూ ఉన్న సభ మంచిది. స్త్రీలు సంకోచిస్తే, స్త్రీలకే ప్రత్యేకించిన సమావేశాన్ని గాని, ఫోను ద్వారా జరిగే సమావేశాన్ని గాని విచారించాలి.

5. నిందించేచోట, మందులమ్మేచోట, వైద్యుడిచ్చిన మాత్రలు మానుమనేచోట నిలువవద్దు. అది సంధాయ సంభాష కాదు.

మొదటి దినం నచ్చలేదని ఇంటిముఖం పట్టరాదు. ఒక్కొక్క సభది ఒక్కొక్క స్వభావం. కనీసం నాలుగైదు చోట్ల కూర్చుండి చూచిన పిదపనే నిర్ణయించుకోవాలి.

ఇంటివారికి

భర్త వెళ్ళకున్నా భార్య తన ఊరట కోసం వెళ్ళదగిన సహవాసం వేరే ఉంది. 1951లో ఏర్పడిన అల్-ఆనన్ బాధితుల కుటుంబాల కొరకే. భర్త సమావేశం నుంచి రాగానే “ఏమి మాట్లాడారు?” అని ఆరా తీయకండి. అక్కడి మాట అక్కడనే ఉండాలి.

మా శాస్త్రానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి ఉంది. ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం, దశమూలారిష్టం మొదలైన ఆసవారిష్టాలలో పులియడం వలన పుట్టిన మద్యాంశం ఉంటుంది. మానినవారికి బలానికని వీటిని ఇవ్వరాదు. డైసల్ఫిరామ్ వాడుతున్నవారికి ఇవి మరీ ప్రమాదకరం. చూర్ణమో, కషాయమో వైద్యుని అడిగి వాడండి. మధుమేహం లేనివారు ఖర్జూరం, ఎండుద్రాక్ష, దానిమ్మ, ఉసిరిక నీటిలో పిసికి అప్పటికప్పుడు వడగట్టిన పానకం పుచ్చుకోవచ్చు.

ఎప్పుడైనా కాలు జారితే “ఇంకేముంది, అంతా పోయింది” అనుకోవద్దు. మర్నాడు అదే సభకు వెళ్ళి అదే కుర్చీలో కూర్చుండాలి. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్నవారిలోనూ కాలు జారినవారున్నారు. సమావేశపు జాడ తెలియనివారు ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయవాణి 14446కు గాని, టెలిమానస్ 14416కు గాని ఫోను చేసి తమ ఊరిలో ఏ సౌకర్యమున్నదో విచారించగలరు.