ఆపిన డిస్కు మరల తిరుగదేల?

పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లల పాటలు, పొలము దస్తావేజుల నకళ్లు ఇప్పుడు పలు గృహములలో ఒక చిన్న లోహపు పెట్టెలో చేరియున్నవి. దానికి హార్డ్ డిస్క్ అని పేరు. ఏండ్ల తరబడి తిరిగిన డిస్కు, ఇల్లు మారునపుడో కరెంటు పోయినపుడో ఒక్కమారు ఆగి, మరల కదలకపోవుట పలువురకు అనుభవమే. నిన్నటివరకు బాగుగానే యున్నదే యని వారు విస్తుపోవుదురు. బాగుగా నున్నట్లు కనబడుటలోనే చిక్కు కలదు.

పెట్టె లోపల అద్దము వలె నునుపైన పళ్లెములుండును. వానిపై అయస్కాంత పదార్థపు పూత యుండును. నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు ఈ పళ్లెములపై వ్రాయునదియు, వ్రాసినదానిని చదువునదియు హెడ్ అను చిన్న పరికరము. పళ్లెముతో పాటు కదలు గాలిపొర హెడ్‌ను పైకెత్తి నిలుపును. నడుమ ఎడము నేటి డిస్కులలో కొద్ది నానోమీటరులు మాత్రమే. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటరులు! పళ్లెము ఆగినచో గాలి ఆసరా పోవును. అప్పుడు హెడ్ ఎక్కడ నిలువవలెను?

1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి. హెడ్ పళ్లెమును తాకకుండుటకు ప్రత్యేకముగా గాలిని పంపెడివారు. అంత పటాటోపము చిన్న యంత్రములకు పొసగదు. 1973లో ఆ కంపెనీవారే, వించెస్టరు అను పేర ప్రసిద్ధమైన నమూనాలో, తేలికైన హెడ్ పళ్లెముపైననే దిగి విశ్రమించునట్లు చేసిరి. రాపిడి కలుగకుండ పళ్లెమునకు పలుచని కందెన పూసిరి. సమర్థమైన ఏర్పాటే, కాని ఒక తెగులు దీనినుండియే పుట్టినది.

రెండు గాజుపలకలను తడిపి ఒకదానిపై నొకటి ఉంచి, విడదీయ ప్రయత్నించి చూడుడు. నునుపు హెచ్చినకొలది పట్టు హెచ్చును. హెడ్ అడుగుభాగమును, పళ్లెమును అట్టివే. ఆగియున్న కాలములో కందెనయు, గాలిలోని తేమయు వాని నడుమ చేరి అతుకు వేయును. మోటారు బలము చాలక పళ్లెము కదలదు. ఈ పట్టునకు స్టిక్షన్ అని పేరు. 1980, 1990 దశాబ్దముల డిస్కులకు ఇది పెద్ద పీడ. మరమ్మతు తెలిసినవారు పెట్టెను చేతబట్టి, పళ్లెములు తిరుగు దిశలో చటుక్కున మెలిత్రిప్పి విడిపించెడివారు. పిదప హెడ్ దిగుచోట లేజరుతో సూక్ష్మమైన బుడిపెలు తీర్చిరి. అటు తరువాత, పళ్లెపు టంచున నమర్చిన చిన్న వాలుపైకి హెడ్ ఎక్కి నిలుచు పద్ధతి వ్యాపించినది.

అయినను నేటి డిస్కులును ఒక్కొక్కప్పుడు ఆగి మరల లేవవు. నిశ్చలముగా నున్న పళ్లెములను కదల్చుటకు, తిరుగునప్పటికంటె ఎన్నో రెట్లు విద్యుత్తు కావలెను. బలహీనపడిన మోటారు గాని, విద్యుద్భాగము గాని ఆ క్షణమునకు ఓర్వలేదు. అరిగిన బేరింగు వేడిగా నున్నంతసేపు తిరిగి, చల్లారిన పిదప బిగిసికొనవచ్చును. వేరొక సంగతి మాకు మరింత వింతగా తోచును: డిస్కు తన నడవడికి వలసిన సూచనలను ప్రారంభమున తన పళ్లెములనుండియే చదువుకొనును. ఆ చోటు చెడినను, ముందే చదువుకొన్న దగుటచే, తిరుగుచున్నంతకాలము లోపము బయటపడకపోవచ్చును. స్విచ్చి కట్టుట వలన డిస్కు చెడినదని నిందింతుము గాని, తరచుగా అది చాటుననున్న జబ్బును బయటపెట్టినదే.

అట్టి డిస్కును ఫ్రిజ్‌లో ఉంచుమని చెప్పువారు కలరు. వెలుపలికి తీయగనే తేమ పళ్లెములపై చెమర్చును. మూత విప్పుట అంతకంటె చేటు. ధూళికణమొక్కటి ఆ ఎడము కంటె ఎన్నో రెట్లు పెద్దది. టకటక శబ్దము వినవచ్చుచున్నచో స్విచ్చిని మరల మరల వేయరాదు. చెడిన హెడ్ పళ్లెమును గీయవచ్చును. లోని సరకు అమూల్యమైనదైనచో, ధూళిలేని గదులుగల నిపుణులకు అప్పగింపవలెను. ఖర్చు అధికము, ఫలితము సందేహము.

పాత డిస్కు తిరుగుచుండగనే చేయదగిన పని సులువైనది. ఇల్లు మారుటకు ముందు, మరమ్మతుకు ఇచ్చుటకు ముందు, అందున్న సమస్తమును వేరొక డిస్కునకు నకలు చేయవలెను. ఆ నకలును మరియొక కంప్యూటరులో తెరచి, నాలుగు చిత్రములు, రెండు పాటలు సరిగా వచ్చుచున్నవని చూచిన పిమ్మట పాతదాని స్విచ్చి కట్టవచ్చును.